వెర్సాయ్ ఆడపడుచులు: ఎనిమిది మంది కూతుళ్ళలో ఒక్కరికే పెళ్ళి ఎందుకైంది?

1747లో జాఁ-మార్క్ నాతియే అనే చిత్రకారుణ్ణి వెర్సాయ్ రాజభవనం నుంచి ఫొంతెవ్రో మఠానికి పంపారు. అక్కడ సన్యాసినుల సంరక్షణలో పెరుగుతున్న ముగ్గురు ఆడపిల్లల బొమ్మలు వేసుకురావడం అతని పని. విక్తువార్‌కు పద్నాలుగేళ్ళు, సోఫీకి పదమూడు, లూయీజ్‌కు పది. ముగ్గురూ ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ కూతుళ్ళే. తల్లి, రాణి మేరీ లెష్చిన్‌స్కా, వాళ్ళను కళ్ళారా చూసి తొమ్మిదేళ్ళు దాటింది. ఇల్లు వదిలిననాటికి లూయీజ్‌కు ఏడాది కూడా నిండలేదు. తన పిల్లలు ఎంత ఎదిగారో, ఎవరి పోలిక వచ్చిందో ఆ తల్లి రంగులద్దిన గుడ్డ మీద చూసుకోవలసి వచ్చింది. ఆ చిత్రాలు ఇప్పటికీ వెర్సాయ్‌లోనే ఉన్నాయి. వాటిని చూసేవారికి కనిపించేది రాజకుమార్తెల వైభవం. వాటిని గీయించవలసి వచ్చిన కారణం మాత్రం ఆ బొమ్మల్లో ఎక్కడా కనిపించదు.

ఆ దంపతులకు పుట్టిన పదిమంది పిల్లల్లో ఎనిమిది మంది ఆడపిల్లలు. ఇద్దరు పసితనంలోనే పోయారు. మిగిలిన ఆరుగురిలో పెళ్ళయింది ఒక్కరికే. ఐరోపాలోకెల్లా ఘనమైన రాజవంశం, అడిగితే కాదనలేని సంబంధాలు, రాయబారులతో నిండిన కొలువు ఉండి కూడా ఐదుగురు కూతుళ్ళు పెళ్ళి కాకుండానే జీవితం ముగించారు. మన పాఠకులకు బొబ్బిలి యుద్ధం ద్వారా బుస్సీ పేరు పరిచయమే. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు అతని ఫ్రెంచి దళాలు ఫిరంగులు మోహరించిన నాటికి వెర్సాయ్ సింహాసనం మీద ఉన్న రాజు ఈ పదిహేనవ లూయీయే. దూరదేశాల్లో కోటల తలరాతలు మార్చగలిగిన ఆ రాజ్యం తన సొంత ఆడపిల్లలకు ఇల్లు కుదర్చలేకపోయింది.

దీనికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. తండ్రికి కూతుళ్ళ మీద ప్రేమ ఎక్కువ, వదులుకోలేకపోయాడన్నది ఒకటి. కూతుళ్ళకు గర్వం ఎక్కువ, రాజు కానివాణ్ణి చేసుకోబోమన్నారన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే ఆ కాలపు ఐరోపా పటాన్ని, సంధులను, పెళ్ళి తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది వేరు. ఈ పిల్లలకు పెళ్ళి చేయకూడదని ఎవరూ, ఎప్పుడూ నిర్ణయించలేదు. ఎవరూ నిర్ణయించకపోవడం వల్లే, వేర్వేరు కారణాల కోసం వేర్వేరు సమయాల్లో తీసుకున్న చిన్న చిన్న నిర్ణయాలన్నీ కలిసి వాళ్ళను అవివాహితలుగా మిగిల్చాయి.

ముందు హోదా సంగతి. రాజుకు ధర్మపత్ని వల్ల పుట్టిన కూతురిని ఫ్రెంచివారు ‘ఫియ్ ద ఫ్రాన్స్’, అంటే ఫ్రాన్సు పుత్రిక అనేవారు. ఆమె తండ్రి రాజు కాబట్టి గొప్పది కాదు. దేశానికే కూతురు కాబట్టి గొప్పది. రాజుగారి తమ్ముళ్ళ, దాయాదుల కుమార్తెలకు ఆ పేరు చెల్లదు, వాళ్ళది తర్వాతి మెట్టు. విచిత్రమేమిటంటే, ఇంత గొప్ప హోదా ఇచ్చిన ఆచారమే ఆమెకు సింహాసనం మీద ఇసుమంతైనా హక్కు లేకుండా చేసింది. ఫ్రాన్సులో ఆడపిల్లకు గాని, ఆమె సంతానానికి గాని కిరీటం రాదు. అంటే ఆమెను చేసుకున్నవాడికి దక్కేది మర్యాద, కట్నం, రాజకీయ మైత్రి. రాజ్యం మాత్రం కాదు. అటువైపు ఆమెను పంపే రాజు మాత్రం తన కూతురు రాణి కావాలని, తక్కువలో తక్కువ రాణి కాబోయే స్థానంలోనైనా నిలవాలని కోరతాడు. అడిగేది ఎక్కువ, ఇచ్చేది పరిమితం. బేరం అక్కడే కష్టమైంది.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. ఫ్రాన్సు రాజు కూతురి పెళ్ళి జరిగి అప్పటికి వందేళ్ళు దాటిపోయింది. నాలుగవ హెన్రీ ముగ్గురు కూతుళ్ళకు 1615లో స్పెయిన్, 1619లో సావోయ్, 1625లో ఇంగ్లాండు సంబంధాలు కుదిరాయి. ఆ తర్వాత పదమూడవ లూయీకి ఆడపిల్లలే లేరు. పద్నాలుగవ లూయీకి రాణి వల్ల కలిగిన ముగ్గురు ఆడపిల్లలూ చిన్నప్పుడే చనిపోయారు. కాబట్టి పదిహేనవ లూయీ ఇంట వరుసగా కూతుళ్ళు పుట్టుకొస్తుంటే, వాళ్ళను ఎలా పెంచాలో, ఎంతమంది పరివారాన్ని ఇవ్వాలో, ఎక్కడికి ఇచ్చి చెయ్యాలో చెప్పే అనుభవం ఆ కొలువులో బతికున్నవారెవరికీ లేదు.

అనుభవం లేకపోవడమే కాదు, ఇటీవలి అనుభవం చేదుగా ఉంది. పదిహేనవ లూయీ బాలుడిగా ఉన్నప్పుడు రాజ్యపాలన చూసిన రీజెంట్ ఫిలిప్ డ్యూక్ ఆఫ్ ఓర్లెయాఁ, స్పెయిన్‌తో వైరం తొలగించుకోవడానికి కుండమార్పిడి లాంటి సంబంధం కలిపాడు. స్పెయిన్ రాజు కూతురు మరియానా విక్టోరియా ఫ్రాన్సుకు రావాలి, పదిహేనవ లూయీకి భార్య కావాలి. రీజెంట్ కూతురు లూయీజ్ ఎలిజబెత్ స్పెయిన్‌కు వెళ్ళాలి, అక్కడి యువరాజు లూయీస్‌కు భార్య కావాలి. 1722 జనవరిలో రెండు దేశాల సరిహద్దులోని బిదసోవా నది మధ్య ఉన్న ఫెజంట్ ద్వీపం మీద ఈ మార్పిడి జరిగింది. అటునుంచి వచ్చిన పెళ్ళికూతురికి నాలుగేళ్ళు నిండలేదు. ఇటునుంచి వెళ్ళిన పిల్లకు పన్నెండేళ్ళు.

రెండూ కలిసిరాలేదు. స్పెయిన్‌లో లూయీస్ 1724లో రాజై, ఏడు నెలలు గడిచీ గడవకముందే మశూచితో పోయాడు. పదిహేనేళ్ళు కూడా నిండని విధవరాణి ఆ పరాయి కొలువులో ఎవరికీ అక్కరలేని మనిషి అయింది. మరుసటి ఏడాది ఫ్రాన్సు మంత్రులు తమ రాజుకు వారసుడు త్వరగా కావాలని, ఏడేళ్ళ పిల్ల పెద్దదయ్యేదాకా ఆగలేమని తేల్చి మరియానా విక్టోరియాను పుట్టింటికి తిప్పి పంపారు. స్పెయిన్ ఆ అవమానానికి రగిలిపోయి, తమ దగ్గరున్న ఫ్రెంచి పిల్లలను వెనక్కి పంపేసింది. తిరిగి వచ్చిన లూయీజ్ ఎలిజబెత్ 1742లో, ముప్పై మూడేళ్ళు నిండకుండానే, ఎవరూ పట్టించుకోని మాజీ రాణిగా పారిస్‌లో కన్నుమూసింది. మరియానా విక్టోరియా కథ మాత్రం మరో దారి పట్టింది. ఆమెను మళ్ళీ కలుద్దాం.

అలా ఖాళీ అయిన స్థానంలోకి, దాదాపు వందమంది రాజకుమార్తెల జాబితా వేసి వడపోసి, పోలండు సింహాసనం పోగొట్టుకున్న స్టానిస్లాస్ కూతురు మేరీ లెష్చిన్‌స్కాను తెచ్చారు. 1725 సెప్టెంబరు 5న ఫాంటెన్‌బ్లోలో పెళ్ళి. వరుడికి పదిహేను, వధువుకు ఇరవై రెండు. ఆమెను ఎంచుకున్నదే పిల్లల్ని కనగల ఈడులో ఉన్నందుకు. 1727 ఆగస్టు 14న కవలలు, లూయీజ్ ఎలిజబెత్ (రీజెంట్ కూతురిదీ ఇదే పేరు, మనిషి వేరు), ఆన్రియెట్ పుట్టారు. తర్వాత ఏడాది మరో ఆడపిల్ల. 1729లో యువరాజు, 1730లో ఇంకొక కొడుకు. ఆ తర్వాత 1732 నుంచి 1737 దాకా వరుసగా అదెలాయిద్, విక్తువార్, సోఫీ, తెరేజ్, లూయీజ్. 1733లో చిన్న కొడుకూ, మూడో కూతురూ ఒకే ఏడాది చనిపోయారు. బాప్తిస్మం ఆలస్యంగా జరిపే ఆ ఇంట్లో పేరు పెట్టేదాకా పిల్లలను ‘మొదటి మదాం’, ‘రెండో మదాం’ అని అంకెలతో పిలిచేవారు. వారసుడి కోసం ఎదురుచూసే ఇంట ఆడపిల్ల మీద ఆడపిల్ల పుడితే ముఖాలు ఎలా మారతాయో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక్కడ వస్తాడు కార్డినల్ ఫ్లూరీ. రాజుకు చిన్ననాటి గురువు, ఇప్పుడు ముఖ్యమంత్రి, ఖజానా విషయంలో మహా పొదుపరి. రాజు కూతురంటే ఆమె వెంట గవర్నెస్, సహాయకులు, దాసీలు, వైద్యులు, బళ్ళు, గుర్రాలు, విడి వంటశాల. ఏడుగురు ఆడపిల్లలకు ఏడు పరివారాలు. 1738 జూన్‌లో ఫ్లూరీ చిన్నపిల్లలను లువార్ నది దగ్గర ఉన్న ఫొంతెవ్రో మఠానికి పంపే ఏర్పాటు చేశాడు. ఆరేళ్ళ అదెలాయిద్ తండ్రిని బతిమాలుకుని ఆగిపోయింది. ఐదేళ్ళ విక్తువార్, నాలుగేళ్ళు నిండని సోఫీ, రెండేళ్ళ తెరేజ్, పదకొండు నెలల లూయీజ్ బయలుదేరారు. పదమూడు రోజుల బండి ప్రయాణం. తెరేజ్ వెనక్కి రాలేదు. 1744లో ఎనిమిదేళ్ళ వయసులో అక్కడే చనిపోయింది.

ఫొంతెవ్రో సామాన్యమైన మఠం కాదు. సన్యాసులూ సన్యాసినులూ ఉండే ఆ సంస్థ మొత్తానికి అధిపతి స్త్రీయే కావాలన్నది దాని నియమం; ఇంగ్లాండు రాజు రెండవ హెన్రీ, సింహహృదయుడు రిచర్డ్ సమాధులు అక్కడే ఉన్నాయి. హోదాకు లోటు లేని చోటే. చదువు సంగతి వేరు. తర్వాతి కాలంలో ఈ అక్కచెల్లెళ్ళకు పుస్తకాలు చదివి వినిపించే ఉద్యోగం చేసిన మదాం కాంపాఁ తన స్మృతుల్లో రాసిన ప్రకారం, పన్నెండేళ్ళు వచ్చేసరికి లూయీజ్‌కు అక్షరమాల కూడా పూర్తిగా రాదు. శిక్షగా తనను సమాధుల గదిలో ఒంటరిగా ప్రార్థన చేసుకోమని పంపేవారని, పెద్దయ్యాక కూడా వదలని భయం అక్కడే పట్టుకుందని విక్తువార్ చెప్పేదట. కాంపాఁ స్మృతులు చాలా ఏళ్ళ తర్వాత రాసుకున్నవి, రాజకుటుంబం మీద ప్రేమతో రాసినవి. ప్రతి మాటనూ యథాతథంగా తీసుకోనక్కరలేదు. కాని పిల్లలు అక్కడున్న కాలాన్ని ఎవరూ కాదనలేరు. విక్తువార్ 1748లో, సోఫీ, లూయీజ్ 1750లో తిరిగి వచ్చారు. అంటే సంబంధాలు చూడవలసిన వయసంతా, రాయబారులు చూసి తమ రాజులకు లేఖలు రాయవలసిన సంవత్సరాలన్నీ, వాళ్ళు కొలువుకు సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉండిపోయారు. ఖర్చు తగ్గించడానికి చేసిన పని పెళ్ళి సంబంధాలను కూడా తగ్గించేసింది. ఫ్లూరీ దాన్ని ఉద్దేశించి ఉండడు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో కూతుళ్ళకు జరిగిన అతిపెద్ద అన్యాయం అదే.

ఇంట్లో మిగిలిన ముగ్గురిలో పెద్దపిల్ల లూయీజ్ ఎలిజబెత్‌కు పెళ్ళి కుదిరింది. 1725 నాటి అవమానాన్ని మరపించడానికి స్పెయిన్‌తో మళ్ళీ వియ్యం కావాలి. స్పెయిన్ యువరాజుకు అప్పటికే పెళ్ళయింది, రెండోవాడు నేపుల్స్‌కు రాజై 1738లోనే ఇంటివాడయ్యాడు. మిగిలినవాడు వాళ్ళ తమ్ముడు ఫిలిప్. అతనికి రాజ్యం లేదు, వస్తుందన్న భరోసా లేదు. 1739 ఆగస్టు 26న వెర్సాయ్‌లో, వరుడు లేకుండా అతని తరఫున మరొకరు నిలబడగా పెళ్ళి జరిగింది. వధువుకు పన్నెండేళ్ళు. కవల చెల్లెలు ఆన్రియెట్‌ను వదిలి ఆ పిల్ల స్పెయిన్‌కు బయలుదేరింది. పద్నాలుగేళ్ళకే తల్లి అయింది.

ఫ్రాన్సు పుత్రికకు ఇది చిన్న సంబంధమేనని అందరికీ తెలుసు, ఆమెకు మరీ తెలుసు. తొమ్మిదేళ్ళ తర్వాత, ఆస్ట్రియా వారసత్వ యుద్ధాన్ని ముగించిన 1748 నాటి ఏ-లా-షాపెల్ సంధిలో, ఫిలిప్‌కు ఇటలీలోని పార్మా, పియచెంజా, గ్వస్తాల్లా దక్కాయి. చిన్న రాజ్యం, ఖాళీ ఖజానా. లూయీజ్ ఎలిజబెత్ అత్తింటి సంసారం నిలబెట్టడానికి పుట్టింటిని ఆశ్రయించని ఏడాది లేదనిపిస్తుంది. మూడుసార్లు వెర్సాయ్ వచ్చి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి మించి ఉండిపోయింది. 1757లో ఫ్రాన్సు, ఆస్ట్రియా కుదుర్చుకున్న రెండో వెర్సాయ్ ఒప్పందంలో, యుద్ధంలో గెలిస్తే ఆస్ట్రియా చేతిలోని నెదర్లాండ్స్‌ను ఫిలిప్‌కు ఇచ్చే మాట చేరింది. కన్నకూతురిగా తండ్రి చెవిలో, పార్మా దొరసానిగా మంత్రుల చెవిలో ఆమె ఊదిన మాటే అది. గెలుపు రాలేదు. ఆమె 1759 డిసెంబరు 6న, ముప్పై రెండేళ్ళకు, వెర్సాయ్‌లోనే మశూచితో చనిపోయింది. ఈ పెళ్ళిని చూసినవారికి ఒక పాఠం బోధపడి ఉండాలి: రాజు కూతురిని చిన్న ఇంటికిస్తే ఆ ఇంటిని పెద్దది చేసే భారం కూడా రాజు మీదే పడుతుంది. మిగిలిన కూతుళ్ళ విషయంలో ఆ భారం మళ్ళీ ఎత్తుకోవాలని ఎవరూ ఉత్సాహపడలేదు.

ఆన్రియెట్ విషయంలో స్వదేశీ సంబంధం ఒకటి వినిపించింది. ఓర్లెయాఁ వంశపు వారసుడు, డ్యూక్ ఆఫ్ షార్త్ర్, ఆమెను ఇష్టపడ్డాడని, ఆమెకూ అతనంటే ఇష్టమేనని చెప్పుకునేవారు. రాజుకు మిగిలింది ఒకే కొడుకు. ఆ కొడుక్కేమైనా అయితే సింహాసనం ఎవరిదన్న ప్రశ్నకు ఓర్లెయాఁ వారిదని కొందరు, ఫ్రెంచి రాజవంశపు శాఖే అయిన స్పెయిన్ బూర్బన్లదని కొందరు అనుకునే రోజులవి. రాజు తన కూతురినే ఓర్లెయాఁ ఇంటికిస్తే స్పెయిన్ దాన్ని సవాలుగా తీసుకుంటుంది. సంబంధం జరగలేదు, 1743లో షార్త్ర్ కొంతీ వంశపు పిల్లను చేసుకున్నాడు. వియొల ద గాంబ వాద్యం మీద చక్కని అధికారం సంపాదించిన ఆన్రియెట్, 1752 ఫిబ్రవరిలో ఇరవై నాలుగేళ్ళకే చనిపోయింది. తండ్రి అంతగా కుంగిపోవడం కొలువులోనివారు అంతకుముందు చూడలేదంటారు. కవల అక్క చనిపోయాక ఆమెనూ రాజుల సమాధులుండే సాఁ-దెనీలో ఆన్రియెట్ పక్కనే ఉంచారు.

ఇక మిగిలినవాళ్ళకు బయట ఏమున్నదో చూద్దాం. ఈ లెక్క వేయకుండా వాళ్ళ గర్వాన్ని నిందించడం న్యాయం కాదు. వరుడు కాథలిక్ కావాలి. దాంతో ఇంగ్లాండు, ప్రష్యా, స్వీడన్, డెన్మార్క్ తొలగిపోతాయి. అదెలాయిద్ పదహారో ఏట అడుగుపెట్టిన 1747 నాటికి స్పెయిన్, నేపుల్స్ రాజులిద్దరూ భార్యలున్నవారే. బవేరియా పాలకుడైన ఎలెక్టర్, సాక్సనీ వారసుడు సరిగ్గా ఆ 1747లోనే పరస్పరం ఒకరి తోబుట్టువును ఒకరు పెళ్ళాడారు. అదే ఏడాది సాక్సనీ పిల్ల మరొకామె ఫ్రాన్సు యువరాజుకు భార్యగా వచ్చింది కాబట్టి ఆ వైపు వియ్యం అవసరమూ తీరిపోయింది. సార్డీనియా వారసుడికి 1750లో స్పెయిన్ సంబంధం కుదిరింది. ఆస్ట్రియా 1756 దాకా శత్రువు. మిత్రురాలైన తర్వాత చూస్తే అక్కడి వారసుడు జోసెఫ్ 1741లో పుట్టినవాడు, అదెలాయిద్ కన్నా తొమ్మిదేళ్ళు చిన్న. పోర్చుగల్‌లో 1750లో గద్దెనెక్కిన జోసే పక్కన కూర్చున్న రాణి ఎవరంటే, పాతికేళ్ళ క్రితం ఫ్రాన్సు తిప్పి పంపిన ఆ మరియానా విక్టోరియాయే. సరిగ్గా ఈ అక్కచెల్లెళ్ళకు పెళ్ళీడు వచ్చిన అయిదారేళ్ళలో కాథలిక్ ఐరోపాలో ఖాళీగా ఉన్న రాణి పీఠం దాదాపు లేదు. పదేళ్ళు ముందో, పదేళ్ళు వెనకో పుట్టి ఉంటే వాళ్ళ కథ వేరుగా ఉండేది.

పెళ్ళి కాని ఫ్రాన్సు పుత్రిక రోజు ఎలా గడిచేది? కాంపాఁ వర్ణించిన ఒక దృశ్యం నన్ను వదలదు. పొద్దున రాజు తన చేత్తో కాఫీ కాచుకుని అదెలాయిద్ గదికి దిగి వచ్చేవాడు. ఆమె గంట మోగించి విక్తువార్‌కు కబురందించేది, విక్తువార్ గంట సోఫీకి, సోఫీ గంట లూయీజ్‌కు. లూయీజ్ గదులు అన్నిటికన్నా దూరం. పొట్టిగా, వెన్ను వంకరతో ఉండే ఆమె గదులన్నీ దాటి పరుగెత్తుకు వచ్చేసరికి చాలా రోజులు తండ్రి వేటకు బయలుదేరుతుండేవాడు, ఒక్క కౌగిలింతకే వ్యవధి ఉండేది. సాయంత్రం ఆరింటికి రాజు వేట బూట్లు విప్పే వేళకు కూతుళ్ళు హాజరు కావాలి. బంగారు జరీ వేసిన పెద్ద వలయాల లంగా కట్టి, మీద గడ్డం దాకా నల్ల పట్టు దుప్పటి కప్పుకుని, దివిటీలతో పరివారం నడవగా వెళ్ళేవారు. రాజు ఒక్కొక్కరి నుదుట ముద్దు పెట్టేవాడు. పావుగంటలో తిరిగివచ్చి, ఆ లంగా విప్పేసి, మధ్యలో ఆగిన కుట్టుపని దగ్గర, కాంపాఁ చదువుతున్న పుస్తకం దగ్గర మళ్ళీ కూర్చునేవారు. తండ్రి ముద్దుగా పెట్టుకున్న పేర్లు చింకిగుడ్డ, పందిపిల్ల, కాకి లాంటి అర్థాలున్నవి.

ఆ జీవితం ఖాళీది అనడం తొందరపాటు. మఠంలో అందని చదువును వాళ్ళు పెద్దయ్యాక పట్టుదలగా సంపాదించుకున్నారు. అదెలాయిద్‌కు ఇటలీ నాటకకర్త గోల్దోనీ ఇటాలియన్ నేర్పాడు. తర్వాత నాటకాలతో ఫ్రాన్సును ఊపేసిన బోమార్షే మొదట ఆ కొలువులో పేరు తెచ్చుకున్నది ఈ అక్కచెల్లెళ్ళకు హార్ప్ గురువుగానే. 1764లో పారిస్‌లో అచ్చయిన బాలుడు మోజార్ట్ మొట్టమొదటి సొనాటాలు అంకితమైంది విక్తువార్‌కు. అయినా ఆ విద్యలన్నిటికీ బయట పారే దారి లేదు. ఒక దేశానికి రాణియై ఉంటే దౌత్యంగా, పోషణగా మారగలిగిన తెలివి, వెర్సాయ్‌లో తండ్రి ఉంపుడుగత్తెల మీద కోపంగా, తర్వాత అన్న కోడలు మేరీ ఆంటోనెట్ మీద అనుమానంగా మారిపోయింది. అదెలాయిద్ విషయంలో ఇది మరీ నిజం.

ఒక్క లూయీజ్ ఆ ఆవరణలోంచి తనకై తాను నడిచి బయటికి వెళ్ళింది. తండ్రి అనుమతి తీసుకుని, అక్కలకు కూడా చెప్పకుండా, 1770 ఏప్రిల్ 11న సాఁ-దెనీలోని కార్మెలైట్ మఠంలో చేరింది. నియమాల్లో కఠినమైనది, సంపదలో పేదది అని తెలిసే దాన్ని ఎంచుకుంది. తండ్రి పాపాలకు ప్రాయశ్చిత్తం ఆమె ఆశయమని సమకాలికులు అర్థం చేసుకున్నారు. నాకు మరొకటి కూడా కనిపిస్తుంది. పదకొండు నెలల వయసులో తన ప్రమేయం లేకుండా మఠానికి వెళ్ళిన మనిషి, ముప్పై రెండేళ్ళకు తన ఇష్టంతో మరో మఠాన్ని ఎంచుకుంది. ఆ ఇంట్లో తన బతుకు గురించి ఇంత పెద్ద నిర్ణయం సొంతంగా చేసుకున్న కూతురు ఆమె ఒక్కతే. నువ్వూ వెళతావా అని కాంపాఁ కంగారుగా అడిగితే విక్తువార్ తాను పడుకున్న స్ప్రింగుల సోఫా కుర్చీని చూపి, తనను చెడగొట్టేది ఇదేనని చెప్పిందట. లూయీజ్ తర్వాత ఆ మఠానికి పెద్దయింది, 1787లో అక్కడే పోయింది.

అలాగని పెళ్ళి జరిగి ఉంటే సుఖపడేవారని అనుకోలేం. లూయీజ్ ఎలిజబెత్ కుదిర్చిన గొప్ప సంబంధం తన కూతురు ఇసబెల్లాది: ఆస్ట్రియా వారసుడు జోసెఫ్. తల్లి పోయిన మరుసటి ఏడాది, 1760లో పెళ్ళి జరిగింది. భర్త ఆమెను అమితంగా ప్రేమించాడు. ఆమె మనసు ఆడపడుచు మరియా క్రిస్టినా మీద ఉండేదని ఆమెకు రాసిన ఉత్తరాలు చెబుతాయి. చురుకైన బుద్ధి గల ఇసబెల్లా రాజకుమార్తెల స్థితి గురించి ఒకచోట నిర్మొహమాటంగా రాసింది: ఆమె ఇతరుల అభిప్రాయాలకు పుట్టు బానిస, తనవాళ్ళనందరినీ వదులుకుని, ఎలాంటివాడో తెలియని మనిషి కోసం, దేశ క్షేమం పేరిట బలి అవుతుందని దాని సారాంశం. 1763 నవంబరులో, నెలలు నిండని కాన్పు వెంటనే, ఇరవై ఒక్క ఏళ్ళకు ఆమెను మశూచి తీసుకుపోయింది. తల్లీ కూతుళ్ళిద్దరినీ పొట్టన పెట్టుకున్న ఆ వ్యాధే 1774లో పదిహేనవ లూయీనీ తీసుకుపోయింది. అంటుకుంటుందని తెలిసీ అదెలాయిద్, విక్తువార్, సోఫీ అతని మంచం వదల్లేదు; ముగ్గురికీ సోకింది, ముగ్గురూ బతికి బయటపడ్డారు.

తర్వాతి తరంలో, పదిహేనవ లూయీ తర్వాత రాజైన అతని మనవడు పదహారవ లూయీకి ఇద్దరు చెల్లెళ్ళు. సావోయ్ వంశం నుంచి అతని తమ్ముళ్ళిద్దరికీ అప్పటికే పిల్లలను తెచ్చారు కాబట్టి, బదులుగా 1775లో పెద్ద చెల్లెలు క్లొతీల్ద్‌ను ఆ ఇంటి వారసుడు చార్ల్స్ ఇమాన్యుయేల్‌కు ఇచ్చారు. పదహారేళ్ళు నిండని ఆ పిల్ల లావుగా ఉందని కొలువులో ఎగతాళి చేసేవారు. అత్తింట ఆ దంపతులు భక్తిలో ఒకరికొకరు తోడై అన్యోన్యంగా బతికారు, పిల్లలు కలగలేదు. చిన్న చెల్లెలు ఎలిజబెత్‌కు పోర్చుగల్ నుంచి ఒకటి, సావోయ్ నుంచి ఒకటి మాటలు నడిచి ఆగాయి. ఆమె అన్న నీడలోనే ఉండిపోయింది, విప్లవం వచ్చాక అన్నను వదిలి వెళ్ళనన్నది. 1794 మే 10న, ముప్పయ్యవ పుట్టినరోజు గడిచిన వారానికి, ఆమెను గిలొటిన్‌కు పంపారు.

సోఫీ 1782లోనే చనిపోయింది. అదెలాయిద్, విక్తువార్ ఇద్దరూ 1791 ఫిబ్రవరిలో రోముకు బయలుదేరితే ఆర్నే-ల-ద్యూక్ అనే ఊళ్ళో జనం ఆపేశారు. ఇద్దరు వయసుమళ్ళిన స్త్రీలు దేశం దాటవచ్చునా అని జాతీయ సభ చర్చించి వదిలిపెట్టవలసి వచ్చింది. జీవితమంతా ఏ సరిహద్దూ దాటించి ఎవరూ తీసుకుపోని ఆ అక్కచెల్లెళ్ళు, అరవయ్యో ఏట రోము, నేపుల్స్, అక్కడినుంచి ఏడ్రియాటిక్ తీరమంతా ఫ్రెంచి సైన్యాలకు ఒక అడుగు ముందు పరుగెత్తారు.

వెనక పారిస్‌లో వాళ్ళ అన్న మనవరాలు, పదహారవ లూయీ కూతురు మేరీ తెరేజ్ షార్లెట్, తల్లిదండ్రులను, మేనత్త ఎలిజబెత్‌ను, తమ్ముణ్ణి పోగొట్టుకుని తాంప్ల్ చెరసాలలో ఒంటరిగా మిగిలింది. 1795 డిసెంబరులో, పదిహేడేళ్ళు నిండిన రోజుల్లో, ఆమెను బాసెల్ దగ్గర ఆస్ట్రియాకు అప్పగించి, బదులుగా ఆస్ట్రియా చెరలో ఉన్న విప్లవ ప్రతినిధులను ఫ్రాన్సు విడిపించుకుంది. ఆస్ట్రియా కొలువు ఆమెకు తమ ఇంటి రాకుమారుణ్ణి చూడాలనుకుంది. పరదేశంలో ఉన్న బాబాయి, తర్వాత పద్దెనిమిదవ లూయీగా రాజ్యమేలినవాడు, ఆమెను మరో తమ్ముడి కొడుక్కే చేసుకోవాలని పట్టుపట్టాడు. విక్తువార్ 1799 జూన్ 7న ట్రియెస్టెలో రొమ్ము కాన్సరుతో కన్నుమూసింది. మూడు రోజుల తర్వాత, జూన్ 10న, రష్యా చక్రవర్తి ఆశ్రయమిచ్చిన మితావ్ కోటలో మేరీ తెరేజ్‌కు చిన్నాన్న కొడుకు డ్యూక్ ఆఫ్ అంగులేమ్‌తో పెళ్ళి చేశారు.